దొరగారి కిటికీ

ఆ వానాకాలంలో మా ఇంట్లో అందరికంటే చిన్నవాడు దొర. పెత్తనమంతా వాడిదే. రెండు చేతుల్లో ఇమిడిపోయే తెల్ల కుక్క. కళ్ళ మీదికి పడే బొచ్చు, ఎవరైనా గడప తొక్కితే చాలు పైకప్పు లేచిపోయేలా అరుపు. ఆ పేరు మా ఆయన వెటకారానికి పెట్టారు. నేను దాన్ని నిజం చేశాను.

మాకు పిల్లలు లేరు. ఆ సంగతి ఇంతకంటే చెప్పను. వాణ్ణి నేను చెడగొట్టినదానికి అది సాకు కూడా కాదు. వాడు నా చేత్తో పెడితేనే తినేవాడు, అదీ నేను నేలమీద చతికిలబడి బతిమాలితేనే. పరుపు మీద వాడు పడుకుంటే మా ఆయన గోడకి అతుక్కుని పడుకునేవారు. కాస్త జరపబోతే గుర్రుమనేవాడు. నేను నవ్వేదాన్ని. "చూశారా, ఎంత పౌరుషమో" అనేదాన్ని. చనువిస్తే చంకెక్కడమంటారే, వాడు చంక దాటి నెత్తికెక్కి చాలాకాలమైంది. బరువు లేదు కాబట్టి నాకు తెలియలేదు.

వానలు మొదలయ్యే ముందు, బజారులో బావగారి కొట్టున్న పాత భవనాన్ని కూల్చేశారు. బావగారంటే మా ఆయనకి అన్నగారు. పెళ్ళి చేసుకోలేదు. ముందునుంచీ మా వెనక గదిలోనే ఉంటారు. ముప్పై ఏళ్ళుగా వాచీలు బాగుచేస్తున్నారు. ఇంకో చోటు దొరికేదాకా పని బల్లని మా ముందు గదిలో వేసుకోమన్నారు మా ఆయన. ఆ గదిలో తలుపు పక్కన నా కుట్టు మిషను ఉంది. గదికి ఉన్నది ఒకటే కిటికీ. వాచీ పనికి వెలుతురు కావాలి కదా, బావగారు ఆ కిటికీ కిందే బల్ల వేసుకున్నారు.

కానీ ఆ కిటికీ కింద అప్పటికే ఒక కుర్చీ ఉంది. అది దొరది. వీధిలో పోయే ప్రతి మనిషినీ, ప్రతి సైకిలునీ అక్కణ్ణుంచే వాడు మందలించేవాడు. కుర్చీని పక్కకి పెట్టేసరికి రెండు రోజులు ఏడ్చాడు, తిండి మానేశాడు.

మూడో రోజు పొద్దున బావగారి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"బావగారూ, ఒక్క మాట. దొరకి ఆ కిటికీ అలవాటు. రెండు రోజులుగా ముద్ద ముట్టలేదు."

ఆయన కంటికి బిగించుకున్న భూతద్దం తీసి నా వైపు చూశారు. నేనేం అడగబోతున్నానో ఆయనకి అప్పటికే అర్థమైంది. అడగకుండా ఆగుతానేమోనని కాసేపు చూశారనుకుంటాను.

"మీకైతే బల్బు వేసుకుంటే సరిపోతుంది కదా" అన్నాను.

"దానికేముందమ్మా. గోడవారకి జరుపుకుంటాను."

బల్ల జరుపుతుంటే ఒక కొస నేనే పట్టుకున్నాను. ముప్పై ఏళ్ళు పగటి వెలుతురులో పని చేసిన మనిషి గోడవైపు తిరిగి బల్బు కింద కూర్చున్నారు. కుక్క కిటికీలోంచి వానని చూసి అరిచింది.

వాచీ పనిలో ఏదో ఒకటి కింద పడుతూనే ఉంటుంది. ఆవగింజంత మర, వెంట్రుకంత స్ప్రింగు. బావగారు కుర్చీ దిగి, నేలమీద అరచేతితో తడుముకుంటూ వెతుక్కునేవారు. ఇదివరకు కొట్లో ఆయనకి పోటీ లేదు. మా ఇంట్లో దొర ఉన్నాడు. ఏది నేలమీద పడినా అది వాడిదే అని వాడి చట్టం. కుర్చీలోంచి దూకి, పడినదాని మీద కాలు వేసి, పళ్ళు బయటపెట్టేవాడు.

మొదటిసారి కరిచినప్పుడు బావగారు "అబ్బా" అన్నారు. నేను మిషను ఆపి చూశాను. ఆయన చూపుడు వేలు నోట్లో పెట్టుకుని ఉన్నారు.

"మీరు చటుక్కున చెయ్యి పెట్టుంటారు. వాడు ఊరికే ఏమీ అనడు" అన్నాను.

"అవునమ్మా. చటుక్కునే పెట్టాను" అన్నారు.

ఆ తర్వాత ఆయన నోటినుంచి అబ్బా అన్నమాట నేను వినలేదు. దాంతో అంతా సర్దుకుందనుకున్నాను.

వానలు ముదిరాయి. దొర తడిలో కాలు పెట్టడు కాబట్టి బయటికి వెళ్ళడం మానేశాడు. చెయ్యాల్సిన పనులన్నీ మా ఆయన చెప్పుల దగ్గరే కానిచ్చేవాడు. ఒక రోజు బడి పెద్ద టీచరు కోటు ఫిట్టింగుకి వచ్చి నిలబడితే వాడు వెనకనుంచి వచ్చి ఆవిడ మడమ పట్టుకున్నాడు. ఆవిడ కెవ్వుమంది. నేను వాణ్ణి ఎత్తుకుని, ముద్దు పెట్టుకుని, "ఇంతుంటాడు, వీడివీ పళ్ళేనా టీచరుగారూ" అన్నాను. ఆవిడ మేజోడు దించి మడమ చూసుకుంది. సగం కుట్టిన కోటు మడతపెట్టి ఇమ్మంది.

"ముద్దు చేసిన కుక్క మూతి నాకుతుందంటారు. మీది అంతటితో ఆగేలా లేదు" అని గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది.

ఆవిడకి మంచి మాట తెలియదనుకున్నాను.

మరి కొన్ని వారాలకి బావగారి వేలికి గుడ్డ కట్టు కనిపించింది. అడిగితే "సొరుగులో నలిగింది" అన్నారు. పెద్ద బజారులో ఉన్న వాచీ షాపు నుంచి ఆయనకి ప్రతివారం పని వచ్చేది, అందులో ఎక్కువ ఆడవాళ్ళ చిన్న వాచీలు. ఆ నెలలో రెండు తిరిగొచ్చాయి. ఒకదానిలో మర లేదు. ఇంకోదానిలో సెకన్ల ముల్లు వంకరగా ఉంది. నేను పక్కచూపుతో ఆయన్ని గమనించాను. పట్టకారు ఎడమ చేత్తో పట్టుకున్నారు. అది వణుకుతోంది.

మా ఆయన రైల్లో టికెట్ కలెక్టరు. వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండరు. ఇంటి సంగతులు ఆయనకి నా కళ్ళతోనే తెలియాలి. ఆయన రాగానే చెప్పాను. "బావగారికి చేతులు వణుకుతున్నాయండీ. కింద పడేసుకుంటున్నారు. వయసు మీద పడింది. ఇంక మాన్పించకపోతే ఉన్న మంచి పేరు కూడా పోతుంది."

ఇందులో నేను కావాలని ఆడిన అబద్ధం లేదు. అందుకే ఇన్నేళ్ళైనా మింగుడు పడదు.

ఆ మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ వెనక గదిలో కూర్చున్నారు. వంటగదిలో నాకు వినిపించింది.

"అన్నయ్యా, ఇన్నాళ్ళు చేశావు. ఇంక చాలు. చేతులు సహకరించట్లేదట కదా."

"ఎవరన్నారు?"

"నీ మరదలే చూసింది."

మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించింది. తర్వాత బావగారన్నారు. "తను చూసిందంటే నిజమే అయ్యుంటుందిలే."

మా ఆయన సాయంత్రమే వాచీ షాపుకి వెళ్ళి, ఇకపై పని పంపవద్దని చెప్పి వచ్చారు. మర్నాడు బావగారు పనిముట్లు ఒక్కొక్కటీ మెత్తటి గుడ్డతో తుడిచి రేకు పెట్టెలో సర్దుకున్నారు. దొర ఆ బల్ల కిందే పడుకుని ఆయన పాదాల వైపు చూస్తూ గుర్రుమంటున్నాడు. నేను లైనింగు కత్తిరించుకుంటూ, మంచిపనే జరిగిందనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత దవాఖానా నర్సు కుట్టిన గౌను తీసుకుపోవడానికి వచ్చింది. మా వీధి చివరే ఉంటుంది, నన్ను అక్కా అంటుంది. గౌను చూపిస్తుంటే నా చేతిలోని బొత్తాం ఒకటి జారి కింద పడింది, బావగారి కుర్చీ దగ్గరికి దొర్లింది. దొర దూకి దానిమీద కాలు వేశాడు. బావగారు రెండు చేతులూ గబుక్కున పైకెత్తి ఛాతీకి ఆనించుకున్నారు, పొయ్యి దగ్గర ఒకసారి కాలిన పిల్లాడిలాగా.

నర్సు అది చూసింది.

"పెద్దయ్యా, దవాఖానాకి వచ్చినప్పుడు మిమ్మల్ని కరిచింది వీధి కుక్క అన్నారు కదా" అంది.

"మా ఇల్లూ వీధిలోనే కదమ్మా ఉంది" అన్నారు బావగారు.

ఆమె వెళ్ళి ఆయన ముందు కూర్చుని, అడక్కుండానే వేలి కట్టు విప్పింది. నేను బొత్తాం సంగతి మర్చిపోయి నిలబడ్డాను.

"ఇది పాతది. ఇది ఇంకా పాతది. ఇది పోయిన వారంది. కీలు దగ్గర బాగా లోతుకి దిగింది. వేలు వంగుతోందా?"

"కాస్త బిగుతుగా ఉంది."

"కుక్కకాటు సూదులు మొత్తం వేయించుకున్నారు సరే. పుండు చూపించుకోమంటే రాలేదే." ఆమె నా వైపు తిరిగింది. "అక్కా, మీకు తెలీదా?"

"మా దొరకి టీకాలన్నీ వేయించాం" అన్నాను.

ఆమె అడిగింది అది కాదు. ఆ క్షణంలో కూడా నా నోట ముందు వచ్చింది కుక్క సంగతే. తర్వాత "తెలీదు" అన్నాను. నిజమే. ఆయనకి నాలుగడుగుల దూరంలో పొద్దస్తమానం కూర్చుని, నాకు తెలీదు. ఆ మాటని ఆమె కాదనలేదు, నమ్మినట్టు కూడా చూడలేదు. వేలు శుభ్రం చేసి కొత్త కట్టు కట్టి వెళ్ళింది.

ఆమె వెళ్ళాక నేను బావగారి ముందు, దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

"ఎందుకు చెప్పలేదు బావగారూ?"

"మొదటిసారి చెప్పాను కదమ్మా" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చాక, చెప్పులు విప్పకముందే అంతా చెప్పాను. సొరుగు కాదు, వయసు కాదు, వణుకు కాదు అని చెప్పాను. కుడి చేతి వేలు పనికి రాక ఎడమ చేత్తో చేస్తున్నారని చెప్పాను. ఆయన చెప్పులతోనే లోపలికి నడిచారు. తలుపు వెనకనుంచి తాడు తీసుకున్నారు.

"దీన్ని ఊరి బయట వదిలేసి వస్తాను."

ఆపింది బావగారే. "వాడేం చేశాడురా. మనం దేన్ని ఒప్పుకుంటే అది చేశాడు."

ఆ 'మనం'లో ఆయన ఎందుకు కలిశారో నాకు తెలుసు. నా మీద ఒక్కదాని మీదే పడకూడదని.

పశువుల ఆసుపత్రిలో ఒక కాంపౌండరు కుక్కలకి బుద్ధి నేర్పుతాడని నర్సు చెప్పింది. ఆదివారం ఆయన ఇంటికొచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నిద్రలో ఉన్నట్టుండే మనిషి. దొర నా ఒడిలో కూర్చుని ఆయన మీద మొరుగుతున్నాడు. ఆయన పట్టించుకోకుండా పది నిమిషాలు మమ్మల్నే చూశాడు.

"కుక్కకి ఏ జబ్బూ లేదు. 'వద్దు' అన్న మాట ఇది ఎప్పుడైనా విన్నదా?" అన్నాడు.

"ఆ మాట మా ఇంట్లో నాకొక్కడికే వినిపిస్తుందండీ" అన్నారు మా ఆయన.

"దించండమ్మా దాన్ని."

"దించితే ఏడుస్తాడండీ."

"ఏడవనివ్వండి. ఇప్పుడు ఇది అంటున్న మాటే గేదెంత కుక్క అంటే ఈ గదిలో ఎవరైనా నవ్వుతారా? చిన్నదని మీరు నవ్వారు. దానికి నవ్వు తెలీదు. సరే అన్నారని తెలుసు, అంతే."

ఆయన చెప్పినవి పెద్ద బ్రహ్మవిద్యలేం కావు. కొట్టొద్దు, అరవొద్దు. కూర్చుంటేనే గిన్నె. అరిస్తే అందరూ వీపు తిప్పేయాలి. పన్ను తగిలితే ఆట ముగిసినట్టే, లేచి గదిలోంచి వెళ్ళిపోవాలి. నోట్లోది లాక్కోకూడదు, ఇంకేదైనా ఇచ్చి మార్చుకోవాలి. వానైనా సరే రోజూ రెండు పూటలా నడిపించాలి, దానికి కాళ్ళున్నది అందుకే. కిటికీ కింద కుర్చీ తీసెయ్యాలి. ఇంటిల్లిపాదీ ఒకటే మాట మీద ఉండాలి.

"ఎవరిని కరిచిందో ఆయన చేతిమీదుగానే దీనికి తిండి" అన్నాడు వెళ్ళేముందు. "ఆ చెయ్యి దీనికి మంచి చెయ్యి కావాలి."

ఆ సాయంత్రమే నేనూ మా ఆయనా బల్లని మళ్ళీ కిటికీ కిందికి జరిపాం.

"ఇప్పుడెందుకమ్మా, పని లేదు కదా" అన్నారు బావగారు. ఎత్తిపొడుపు కాదు, ఉన్న మాటే అన్నారు. అయినా బల్ల సరిగ్గా వెలుతురు పడేచోట పెట్టి, కాళ్ళ కింద అట్టముక్కలు సర్ది, కదలకుండా చేసి లేచాను. చెయ్యగలిగింది అప్పటికి అదొక్కటే.

దొర నేర్చుకోవడం కంటే నేను నేర్చుకోవడమే కష్టమైంది. మొదటి రెండు రోజులు వాడు గిన్నె ముందు నిలబడి అరిచాడు. బావగారు గిన్నె పట్టుకుని కిటికీ వైపు చూస్తూ నిలబడ్డారు. వాడు అరిచి అరిచి అలసి పిర్ర నేలకి ఆనించగానే గిన్నె కింద పెట్టారు. ముప్పై ఏళ్ళు చిన్న చిన్న చక్రాలతో కుస్తీ పట్టిన ఓపిక అది. మూడో రోజు జోరువాన. నడిచొచ్చిన దొర తడిసి ముద్దయి, వంటగది తలుపు దగ్గర కూర్చుని నా వైపు చూసి సన్నగా మూలిగాడు. నా గుండె కరిగిపోయింది. అటూ ఇటూ చూసి, ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, ఉడికించిన మాంసం ముక్క నోట్లో పెట్టాను. ఇంకోటి పెట్టాను. తల ఎత్తేసరికి గుమ్మంలో బావగారు, చేతిలో గిన్నె.

నా వేళ్ళు ఇంకా వాడి నోటి దగ్గరే ఉన్నాయి. గబుక్కున వాణ్ణి దించేశాను. దించాక ఇంకా సిగ్గేసింది.

"ఒక్కసారే బావగారూ" అన్నాను.

"వాడికి రెండు రకాల మనుషులు, రెండు రకాల చట్టాలు అని అర్థమవుతుందమ్మా. పాపం, వాడికే కష్టం" అని గిన్నె గట్టు మీద పెట్టి వెళ్ళిపోయారు.

కరిచిన కుక్క కష్టం ఆయన ఆలోచిస్తున్నారు. కరిపించుకున్న మనిషి కష్టం నేను ఒక్క రోజూ ఆలోచించలేదు. ఆ తర్వాత నేను మళ్ళీ చాటుగా పెట్టలేదు. పెట్టాలనిపించినప్పుడల్లా కుట్టుకి కూర్చునేదాన్ని. ఆ నెలలో నేను ఇవ్వాల్సిన బట్టలన్నీ గడువుకి ముందే ఇచ్చేశాను.

వాచీ షాపుకి మా ఆయన్ని పంపవచ్చు. పని వద్దని చెప్పొచ్చింది ఆయనే కదా, మళ్ళీ కావాలని చెప్పడం కూడా ఆయనకే సులువు. కానీ నేనే వెళ్ళాను. షాపులో ఇద్దరు బేరాలవాళ్ళున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనుకున్నాను. వాళ్ళు వెళ్ళేలోపు ఇంకొకరు వచ్చారు. ఇక ఆగితే ధైర్యం జారిపోతుందని చెప్పేశాను.

"మా బావగారికి మళ్ళీ పని పంపండి. ఆయన చేతులు బాగానే ఉన్నాయి."

షాపాయన అద్దాల మీదుగా చూశాడు. "చేతులు వణుకుతున్నాయని మీ ఇంటాయనే చెప్పి వెళ్ళారు."

"ఆయనకి చెప్పింది నేను. అది వణుకు కాదు. మా కుక్క కరిచింది. ఒక్కసారి కాదు. ఎన్నిసార్లో నాకు తెలీదు."

"ఎంత కుక్కండీ?" అన్నాడాయన.

రెండు చేతులూ చాపి చూపించాను. చూపించేకొద్దీ నా చేతుల మధ్య దూరం నాకే తగ్గిపోతున్నట్టు అనిపించింది. ఆయనకి నవ్వు రాబోయింది, నా మొహం చూసి ఆపుకున్నాడు.

"చిన్న వాచీలు వేరే అతనికి ఒప్పజెప్పేశామమ్మా. మాట ఇచ్చాక మళ్ళీ తీసుకోలేను. గోడ గడియారాలుంటే పంపుతాను."

పంపాడు. వారం తర్వాత రెండు, ఆ తర్వాత మూడు. బావగారు కిటికీ కింద వాటిని విప్పుకుని కూర్చున్నారు. చూపుడు వేలి పై కీలు మళ్ళీ పూర్తిగా వంగలేదు. చిన్న వాచీలు అతను తిరిగిచ్చినా ఇక ఆయన చెయ్యలేరని నర్సు నాతో విడిగా చెప్పింది. ఆయన మాత్రం "పెద్ద గడియారాలైతే కళ్ళకి హాయిగా ఉంది" అనేవారు. పెద్ద టీచరు ఇంటికి వెళ్ళి నేను క్షమాపణ అడిగాను. ఆవిడ మంచినీళ్ళిచ్చింది, కోటు మాత్రం మళ్ళీ నాకివ్వలేదు.

ఇక దొర. బావగారు రోజూ పొద్దున లావుపాటి మర ఒకటి కావాలనే కింద పడేసేవారు. వాడు దూకబోతే దానిమీద చెప్పు కాలు పెట్టేవారు, మాట్లాడేవారు కాదు. వాడు వెనక్కి తగ్గి ఆయన మొహంలోకి చూస్తే, ఆ బిగుసుకుపోయిన వేలితోనే ఒక ముక్క అందించేవారు. మొదట్లో ఆయన చెయ్యి కిందికి దిగుతుంటే నేను ఊపిరి బిగబట్టేదాన్ని. చెయ్యి కూడా కాస్త ఆగి ఆగి దిగేది. నెలన్నర తిరిగేసరికి ఏది పడినా వాడు చాప మీదనుంచి లేవడం మానేశాడు. గడప దగ్గర అరుపు రెండు మొరుగులకి తగ్గింది. పరుపు దిగాడు. మా ఆయన ఇన్నాళ్ళకి వెల్లకిలా పడుకున్నారు.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక కొత్త ఆవిడ కోటు చేతులు పొట్టి చేయించుకోవడానికి వచ్చింది. ఆవిణ్ణి నిలబెట్టి, గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి అంచు మడతకి గుచ్చుతున్నాను. బల్ల మీదనుంచి ఏదో చక్రం టంగుమని పడి, దొర ముక్కు ముందు దాకా దొర్లి ఆగింది. వాడు దాన్ని చూశాడు, బావగారిని చూశాడు, తల మళ్ళీ కాళ్ళ మీద వాల్చుకున్నాడు. బావగారు వంగి, తొందరేమీ లేకుండా తీసుకున్నారు.

"ఎంత బుద్ధిమంతుడండీ" అంది ఆవిడ. "మా చెల్లెలింట్లోనూ ఉంది ఇలాంటిదే, కాలు నేల మీద పెట్టనివ్వదు. దీనికి ఎవరు నేర్పారు?"

బావగారు గడియారం లోంచి తలెత్తలేదు. "మా మరదలేనమ్మా. చాలా ఓపిక తనకి."

ఆ మాటలో దెప్పిపొడుపు ఉందేమోనని వెతికాను. ఉంటే ఎంతో తేలిగ్గా ఉండేది. లేదు. ఆయన నాకు పరాయివాళ్ళ ముందు మంచి పేరు ఇస్తున్నారు, అంతే.

ఆవిడ నా వైపు తిరిగి, ఎలా నేర్పానో చెప్తానేమోనని ఎదురుచూసింది. నా పెదాల మధ్య ఇంకా నాలుగు సూదులున్నాయి. అవి తీసి అరచేతిలో పెట్టుకుని, 'నేను కాదండీ' అనడానికి ఎంతసేపు పడుతుంది. వాచీ షాపులో ముగ్గురి ముందు చెప్పినదాన్ని. ఆయన వింటుండగా మాత్రం చెప్పలేకపోయాను.

సూదులు తీయలేదు. ఆవిడ చెయ్యి కాస్త పైకెత్తి, తలవంచుకుని, రెండో అంచు మడవడం మొదలుపెట్టాను.